పాత కార్ల డోర్ సామాన్లు గుర్తుపట్టడం – 3వ పాఠం: హ్యాండిల్ వెనక వైపు

పోయిన పాఠంలో అయస్కాంతంతో లోహం తేల్చాం. ఇప్పుడు అసలు చిక్కు: పేరూ ఊరూ తెలియని హ్యాండిల్ ఒకటి చేతికొచ్చింది, అది ఏ బండిది?

చెన్నై పుదుపేట సందుల్లో ఏ హ్యాండిల్ చూపించి అడిగినా చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే, "అంబాసిడర్‌ది సార్, కరెక్టుగా కూర్చుంటుంది." వాళ్లని అనడానికేం లేదు, ముందు వైపు నుంచి చూస్తే సగం హ్యాండిళ్లు ఒకే పోలికలో ఉంటాయి. అందుకే మెరుపు చూడకండి, వెనక్కి తిప్పండి.

వెనక పొడుగ్గా నలుపలకల కడ్డీ ఉంటే అది తిప్పి తెరిచే రకం. బటన్ వెనక చిన్న ప్లంజర్ (నొక్కితే లోపలికి జరిగే ముక్క) ఉంటే నొక్కి తెరిచే రకం. కడ్డీ మందం కొలిచి ఏ దేశపుదో చెప్పేద్దాం అనుకుంటారు కొత్తవాళ్లు, కానీ 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., పక్కన పెడితే 8 మి.మీ. కడ్డీకీ దానికీ తేడా ఏముంది, అందులోనూ ఏళ్ల తరబడి అరిగాక!

తేడా దొరికేది బోల్టు రంధ్రంలో. పావు అంగుళం యూఎన్ఎఫ్ (అంగుళాల కొలతలోని సన్న మర) బోల్టు 6.35 మి.మీ. లావు, అంగుళానికి 28 మరలు. ఎం6 (మిల్లీమీటర్ కొలత బోల్టు) అయితే 6 మి.మీ., మరకీ మరకీ మధ్య సాధారణంగా 1 మి.మీ. త్రెడ్ గేజ్ (మర కొలిచే పళ్ల రేకు) పళ్లు మరల్లో పెట్టి చూడండి, ఊగకుండా కూర్చుందంటే అదే కొలత. గేజ్ లేదు కదా అని చేతికందిన బోల్టు బిగించొద్దు, తప్పు బోల్టు కూడా ఒకటి రెండు చుట్లు ఎక్కి తర్వాత పట్టేస్తుంది, ఇంకా బలం పెడితే జింక్‌తో పోతపోసిన హ్యాండిల్‌లోని మరలు పొడిపొడిగా రాలిపోతాయి. ఎవరో షెడ్డులో మళ్లీ ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) వేసి ఉండొచ్చు కూడా, కాబట్టి ఉన్న రంధ్రాలన్నీ చూడండి.

మిల్లీమీటర్ మర అయితే ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని కారు వైపు వెళ్లండి. అంగుళం మర అనగానే అంబాసిడర్ అని రాసేసుకోవద్దు. దాని మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నిజమే, కానీ 1961 నుంచి మన చెన్నైలోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మూలం కూడా బ్రిటనే. అక్కడ రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచి అసలు బండి డోర్‌తో సరిచూసుకోవాల్సిందే.

ఇక హ్యాండిల్ మీద అచ్చు పడిన అక్షరాలు. విల్మాట్ బ్రీడెన్ అని ఉంటే సంతోషపడిపోకండి, ఆ బ్రిటిష్ కంపెనీ ఎన్నో కార్లకి హ్యాండిళ్లు, తాళాలు చేసిచ్చింది. తాళం ముఖం మీద ఎఫ్ఎస్ అనే అక్షరాలూ ఓ నంబరూ ఉంటే అది తాళంచెవి నంబరు, పార్టు నంబరు అనుకుని వెతికితే ఏమీ దొరకదు.

ఎడమా కుడా అన్నది ఆఖర్న చూడండి. 1950ల నాటి తొలి ఫియట్ 1100కి ముందు డోర్ల కీళ్లు వెనక వైపు ఉండేవి, హ్యాండిల్ డోర్ ముందంచున ఉండేది, అక్కడ హ్యాండిల్ డోర్ వెనకంచున ఉంటుందన్న మన మామూలు లెక్క తిరగబడుతుంది.

ఈలోగా ఒక హ్యాండిల్ తీసుకుని మర కొలత, రంధ్రాల దూరం, అచ్చు మూడూ కాగితం మీద రాసిపెట్టండి. వచ్చే పాఠంలో అద్దం తిప్పే వైండర్ పళ్లు లెక్కపెడదాం.