భూగర్భజల నమూనాల సేకరణ – 3వ పాఠం: నిల్వ నీటిని తోడెయ్యడం

గత పాఠంలో నీటిమట్టం కొలవడం నేర్చుకున్నాం. ఆ అంకెతోనే ఈ పాఠం మొదలవుతుంది. నమూనా సీసా మూత తీసేముందు పీజోమీటరు బోరులో (భూగర్భజలాన్ని పరిశీలించడానికి వేసిన బోరు) నిలిచి ఉన్న పాత నీటిని బయటికి పంపాలి.

నెలల తరబడి కదలని నీటికి గాలి తగిలి ఆక్సిజన్ కరుగుతుంది. నీటిలో కరిగి ఉన్న ఇనుము తుప్పురంగు మడ్డిగా అడుగుకు దిగుతుంది. కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, దానివల్ల కాల్షియం కార్బనేట్‌గా మారి గోడలకు పట్టేస్తుంది. నల్లగొండ గ్రానైట్ ప్రాంతంలో పనిచేసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. అక్కడ ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటిలో సాధారణంగా కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉంటాయి. ఫ్లోరైడ్ ఎందుకు పెరిగిందో ఆ అంకెలను బట్టే చెప్పగలం. నిల్వ నీరు పట్టుకొస్తే ఆ లెక్కంతా పక్కదారి పడుతుంది.

ఎంత తోడాలి? గొట్టం లోపలి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 0.000785తో గుణించండి. మీటరుకు ఎన్ని లీటర్లో వస్తుంది. 125 మి.మీ. గొట్టానికి అది 12.3 లీటర్లు. బోరు లోతు 50 మీటర్లు, నీటిమట్టం పైనుంచి 14 మీటర్ల లోతున ఉంటే నిలిచిన నీరు 36 మీటర్లు, అంటే సుమారు 442 లీటర్లు. వాడుకలో ఉన్న పద్ధతి దీనికి మూడు రెట్లు తోడటం: 1,325 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లిచ్చే పంపుతో గంటా ఆరు నిమిషాలు. లోతునూ మట్టాన్నీ కేసింగు (బోరుకు దించిన గొట్టం) పై అంచున ఒకే గుర్తు నుంచి కొలవాలి.

మూడు రెట్లన్నది అంచనా మాత్రమే. తోడింది సరిపోయిందా లేదా అన్నది నీటి గుణాలు కొలిచే మీటరు చూసి తేల్చుకోవాలి. మూడు నుంచి ఐదు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత రాయండి. వరుసగా మూడు కొలతల్లో పీహెచ్ 0.1 లోపు, వాహకత 3 శాతం లోపు తేడా ఉంటే నీరు కుదురుకున్నట్టే. లోహాల పరీక్షకైతే మడ్డితనం కూడా చూడాలి, 10 ఎన్‌టీయూ (మడ్డితనాన్ని కొలిచే ప్రమాణం) లోపుంటే మంచిది. తెరిచిన బకెట్లో పీహెచ్ చూడకండి, నీరు గాలికి తిరిగేకొద్దీ అంకె పైకి పోతుంది. ఫ్లో సెల్ (గాలి తగలకుండా పారే నీటిలోనే కొలిచే మూసిన పాత్ర) లేకపోతే సన్నని పాత్ర అడుగుదాకా గొట్టం దించి, పైనుంచి పొర్లనిస్తూ కొలవండి.

రెండో దారి నెమ్మదిగా తోడటం. పంపును ఊట వచ్చే పగులు ఎదురుగా, లేదా రంధ్రాల పైపు మధ్యలో దించి, నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్లే తీస్తారు. నీటిమట్టం 10 సెంటీమీటర్లకు మించి పడిపోకూడదు. దీంతో వృథా తగ్గుతుంది, మడ్డి లేవదు. పగులు ఏ లోతులో ఉందో బోరు వేసినప్పటి రికార్డులో లేకపోతే మాత్రం ఈ పద్ధతి జోలికి పోవద్దనే మా సలహా. పంపు తప్పు లోతులో ఉన్నా మీటరు చక్కగా కుదురుకుంటుంది, మనం మోసపోతాం.

ఊట తక్కువున్న బోరును అడుగంటా ఖాళీ చేయకండి. పైపగుళ్ల నుంచి నీరు గోడల వెంట జారుతూ గాలి పీల్చుకుంటుంది. వేగం తగ్గించినా ఎండిపోతే, మళ్లీ ఊరేదాకా ఆగి 24 గంటల్లోపు నమూనా తీసి, ఆ సంగతి ఫీల్డు పుస్తకంలో రాయండి.

బెయిలర్ (తాడు కట్టి బోరులోకి దించి నీరు తోడే సన్నని గొట్టం) తప్పనిసరైతే తాడును చేతిలోంచి మెల్లగా వదలండి. దబ్బున పడేస్తే అడుగు బురద అంతా లేచి, వడపోయని నమూనాలో ఇనుము, అల్యూమినియం లేనంత కనబడతాయి. తోడిన నీటిని బోరు మొదట్లో వదలకుండా గొట్టంతో దూరంగా పంపండి. పంపు నడిపే జనరేటరు, దాని పొగ నమూనా వైపు రాకుండా, గాలివాలుకు కింది వైపున ఉండాలి.

అభ్యాసం: 100 మి.మీ. గొట్టం, లోతు 42 మీటర్లు, నీటిమట్టం 17 మీటర్లు, పంపు నిమిషానికి 15 లీటర్లు. మూడు రెట్లు తోడటానికి ఎంతసేపు? సుమారు 39 నిమిషాలు రావాలి. వచ్చే పాఠంలో సీసాలు, వడపోత, ఆమ్లం కలపడం.