ఆవకాయ రోజుల్లో ఫోన్ తెర జాగ్రత్త

మామిడికాయలు పులుపెక్కాయి. ఇంకో పది రోజుల్లో అటకల మీంచి జాడీలు దిగుతాయి, పప్పునూనె డబ్బాలు ఇంటికొస్తాయి. ముక్కకి తడి తగలకూడదని పడే ఆరాటంలో పదో వంతైనా పక్కనే పీట మీదున్న ఫోన్ గురించి పడం. కారం చేత్తోనే కొలతలు చూస్తాం, నూనె వేళ్ళతోనే డల్లాస్‌లో ఉన్న పిల్ల వీడియో కాల్ ఎత్తుతాం, ఆనక పైటచెంగుతో తెరని పరపరా రుద్దేస్తాం. నిజానికి ఆ నూనె వల్ల తెరకి పెద్దగా నష్టం లేదు. ఆ రుద్దుడుతోనే వస్తుంది అసలు చిక్కు.

కొత్త ఫోన్ మీద వేలు జర్రున జారుతుంది కదా, అది గాజు గొప్పతనం కాదు. గాజు మీద నూనెని అంటనివ్వని పూత ఒకటి ఉంటుంది. ఓలియోఫోబిక్ కోటింగ్ అంటారు. ఫ్లోరిన్ కలిసిన పదార్థం, మందం కొద్ది నానోమీటర్లే. మన తలవెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లలో ఉంటుంది కాబట్టి ఇదెంత పలచనో ఊహించుకోండి. ఐఫోన్‌లలో ఇది 2009లో 3జీఎస్‌తో వచ్చింది, ఇప్పుడు చాలా ఫోన్లకి ఉంటోంది. వేలిముద్రలు పడకుండా ఇది ఆపదు. పడ్డ జిడ్డు గాజుని పట్టుకోకుండా చూస్తుంది, అందుకే మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. రోజూ వాడకంలో ఎలాగూ అరిగేదే. మనం చెయ్యగలిగిందల్లా తొందరగా అరక్కుండా చూసుకోవడమే.

మీ ఫోన్‌లో పూత ఎంత మిగిలిందో చూడాలంటే తెర ఆఫ్ చేసి ఒక్క నీటిచుక్క వెయ్యండి. గుండ్రంగా నిలబడితే బాగున్నట్టు, పలచగా పరుచుకుంటే అరిగినట్టు. తెర పైభాగాన ఒకటి, కీబోర్డు వచ్చేచోట ఒకటి వేసి చూస్తే తేడా తెలుస్తుంది. బొటనవేలు తిరిగే చోటే ముందు పోతుంది.

ఇక ఆ రోజు సంగతి. ముక్కలు కొట్టే ముందే ఫోన్‌ని పలచటి జిప్ కవర్‌లో పెట్టి మూసెయ్యండి. కవర్ మీంచి కూడా వేలు బాగానే పనిచేస్తుంది. తెర కిందుండే వేలిముద్ర లాక్ మాత్రం మొరాయించొచ్చు, పిన్ గుర్తుంచుకోండి. కాల్ వస్తే ఖాళీగా ఉన్న పిల్లాణ్ణి పట్టుకోమనండి, వాళ్ళకీ ఓ పని.

ముక్కలు తుడిచిన గుడ్డ ఫోన్ దగ్గరికి రానివ్వొద్దు. దానికి మామిడి సొన అంటుకుని ఉంటుంది. సొన తెరమీద ఆరిందంటే గట్టిగా రుద్దితే గానీ వదలదు, దాంతో పూతా వదులుతుంది. పైగా ఆ గుడ్డలో కాయల మీది దుమ్మూ ఉంటుంది. అన్నిట్లోకీ భయపడాల్సింది దీనికే. మామూలు ఇసుకలో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో (అంకె పెరిగేకొద్దీ గట్టిదనం ఎక్కువ) 7, ఫోన్ గాజుది సుమారు 6. జేబులో తాళంచెవి చెయ్యలేని గీత ఒక్క ఇసుక రేణువు చేస్తుంది. ఉప్పురాయి గాజుకన్నా మెత్తనే, దానికి బెంగ అక్కర్లేదు.

నూనె పడిందా, కంగారుగా తుడవకండి. టిష్యూ కాగితం మీద పెట్టి అద్దండి, పీల్చుకుంటుంది. కారప్పొడి పడితే ఫోన్ బోర్లించి వెనక మెల్లగా తట్టండి, మిగిలింది మెత్తటి కుంచెతో దులపండి. నోటితో ఊదితే మైకు కన్నంలోకి పోతుంది, మీ కళ్ళలోకీ వస్తుంది. దుమ్ము పోయాకే కళ్ళజోడు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డని మంచినీళ్ళతో కాస్త తడిపి, బాగా పిండి, ఒకే వైపుకి లాగండి. ఛార్జింగ్ కన్నానికి తడి తగలనివ్వద్దు.

వంటింటి గట్టు మీదుండే అద్దాలు తుడిచే స్ప్రే, వెనిగర్, నిమ్మచెక్క, విబూది, ఇవేవీ వద్దు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్ ఎప్పుడో ఓసారి ఫర్వాలేదని ఆపిల్ వాళ్ళే చెబుతారు గానీ, కోవిడ్ రోజుల్లోలాగా పూటపూటా శానిటైజర్ పోసి రుద్దితే ఏ పూతైనా ఎన్నాళ్ళుంటుంది?

టూత్‌పేస్ట్‌తో గీతలు పోతాయని ఎక్కడో విని, ఓ వేసవి మధ్యాహ్నం కూర్చుని మరీ రుద్దాను. గీత అలాగే ఉంది. దాని చుట్టూ రూపాయి బిళ్ళంత మేర మాత్రం వేలు పెడితే చాలు, మచ్చ పడేది, ఎంత తుడిచినా పోయేది కాదు. ఫోన్ మార్చేదాకా ఎండలోకి వెళ్ళినప్పుడల్లా ఆ బిళ్ళ నన్ను వెక్కిరించేది.

మాగాయ ముక్కలు ఎండబెట్టేవాళ్ళు ఫోన్‌ని మేడ మీద వదిలిరాకండి. చాలా ఫోన్లు 35 డిగ్రీల దాకా వాడుకోడానికని చేసినవి, మన మే నెల సంగతి తెలిసిందేగా. కాలిపోతోందని ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ పడుతుంది. నీడన ఫ్యాను కింద పెడితే చాలు.

పండగలాంటి పని కదా అని చాలామంది ముందే కొత్త టెంపర్డ్ గ్లాస్ వేయిస్తారు. నేనైతే పాతదాన్నే ఉంచమంటాను. ఆ గార్డ్ మీద ఉండేది దాని సొంత పూత, ఎలాగూ సగం అరిగే ఉంటుంది, కారం నూనె దెబ్బ అదే తింటుంది. అంచు చిట్లితే మాత్రం ఆగొద్దు, నూనె ఆ సందులోంచి కిందికి పాకి ఫోన్ గాజుకీ గార్డ్‌కీ మధ్య పసుపు చారికలా నిలుస్తుంది. అంచులు బాగుంటే, మూడోరోజు జాడీ తిరగకలిపి చేతులు కడుక్కున్నాకే షాపుకెళ్ళండి.