ఫ్లైట్ దిగి నేరుగా కోనసీమకి కారెక్కేవాళ్ళకి, కారు పంపే ఇంట్లోవాళ్ళకి కూడా

సంక్రాంతికి అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి పిల్లలు బయల్దేరే రోజులు వచ్చేశాయండి. టికెట్లు కొనేటప్పుడు రేటు చూస్తారు, లగేజీ చూస్తారు, మధ్యలో ఎన్ని గంటలు ఆగాలో చూస్తారు, తీరా శంషాబాద్‌లో దిగాక అమలాపురమో రాజోలో ఎలా చేరాలన్నది మాత్రం "కారు పంపిస్తాం లెండి" అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. ఆ 450 కిలోమీటర్లే మొత్తం ప్రయాణంలో ప్రమాదం ఎక్కువుండే ముక్క. అందుకే దాని గురించి కాస్త వివరంగా చెప్తున్నాను, పెద్దవాళ్ళకి కూడా చదివి వినిపించండి.

అందరూ వచ్చేవాళ్ళ నిద్ర గురించే ఆలోచిస్తారు, తీసుకొచ్చే మనిషి నిద్ర ఎవరూ లెక్కెయ్యరు. ఒకసారి లెక్క చూడండి. డ్రైవరు పొద్దున్న ఆరింటికి లేస్తాడు, పగలంతా ఏదో కిరాయికి తిరుగుతాడు, సాయంత్రం నాలుగింటికి అమలాపురంలో బయల్దేరి అర్ధరాత్రి దాటాక ఎయిర్‌పోర్ట్ చేరతాడు, ఫ్లైట్ లేటు, ఇమిగ్రేషన్ లైను, సూట్‌కేసులు, అన్నీ అయ్యి మీరు బయటికొచ్చేసరికి నాలుగవుతుంది, వెంటనే బండి తిప్పుతాడు. సూర్యాపేట దగ్గరికి వచ్చేసరికి ఆరు దాటిపోతుంది, అంటే ఆ మనిషి లేచి 24 గంటలైపోయింది, ఇంకా 300 కిలోమీటర్ల పైనే ఉంది! వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలాగే ఉంటుందని, 24 గంటలైతే 0.10 శాతం ఉన్నవాడిలా తయారవుతుందని ఎప్పుడో 1990ల్లోనే పరిశోధనల్లో తేలింది. మన దేశంలో 0.03 దాటితే చాలు, తాగి నడిపిన కేసు పడుతుంది. తాగినవాడి పక్కన పిల్లల్ని కూర్చోపెట్టం కదండీ, మరి దీనికెందుకు ఒప్పుకుంటున్నాం.

కాబట్టి మొదటి జాగ్రత్త, దిగిన రోజు బయల్దేరకండి. హైదరాబాద్‌లో చుట్టాలింట్లోనో, ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్లోనో ఒక రాత్రి పడుకుని, మర్నాడు పొద్దున్న ఆరు, ఆరున్నరకి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. డ్రైవర్‌ని కూడా ముందురోజే రప్పించి, పడుకోడానికి గది చూపించండి, కార్లో సీటు వాల్చుకుని పడుకోమనడం కాదు, గది అంటే మంచం ఉన్న గది. ఆ ఖర్చు మీ టికెట్ల ఖర్చులో ఏ మూలకీ రాదు. పైగా అలా బయల్దేరితే దారిలో రెండుసార్లు ఆగినా సాయంత్రం నాలుగు, ఐదు లోపు ఊళ్ళో ఉంటారు, చీకటి పడకుండా. ఆ చివరి ముక్క వెలుగుండగానే ఎందుకు దాటాలో తర్వాత చెప్తాను.

"నేను అక్కడ పది గంటలు ఏకబిగిన నడిపేస్తాను, ఇదెంత" అని అల్లుడుగారో కొడుకో స్టీరింగ్ అడుగుతారు. ఇవ్వకండి, మొహమాటపడకండి. చలికాలంలో డల్లాస్, చికాగో టైముకీ మనకీ పదకొండున్నర గంటలు తేడా, ఇక్కడ మధ్యాహ్నం రెండైతే వాళ్ళ ఒంటికి అర్ధరాత్రి రెండున్నర. బయట ఎండ మండుతున్నా లోపల గడియారం పడుకోమనే చెప్తుంది, అది రోజుకి సుమారు గంట చొప్పున గానీ సర్దుకోదు. సిడ్నీ నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడ సాయంత్రం ఏడంటే అక్కడ పన్నెండున్నర, వాళ్ళకి సాయంత్రం డ్రైవింగ్ కష్టం. దీనికి తోడు అమెరికా అలవాటు రోడ్డుకి కుడివైపు, హైవే మీద నలుగురితో పాటు పోతున్నంతసేపు ఏమీ తెలీదు, పెట్రోల్ బంకు నుంచి బయటికొచ్చి ఖాళీ రోడ్డు మీదకి తిరిగేటప్పుడు చెయ్యి దానంతటదే అటువైపు తిప్పేస్తుంది. కాయితాల సంగతి కూడా ఉంది, అమెరికా లైసెన్స్ ఒక్కటే చూపిస్తే కుదరదు, ఇక్కడి లైసెన్స్‌కి గడువైనా ఉండాలి, అక్కడే ఇంటర్నేషనల్ పర్మిట్ అయినా తీసుకుని రావాలి, లేదంటే ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర పేచీ పడతారు. అదే గొడవ తెల్ల నంబరు ప్లేటు కారుని కిరాయికి మాట్లాడుకున్నా వస్తుంది, పసుపు ప్లేటు బండే మాట్లాడుకోండి.

నిద్ర ముంచుకొస్తున్నప్పుడు ఏమవుతుందో పక్కన కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. మాట్లాడుతున్న మాట మధ్యలో ఆగిపోతుంది. మెడ వెనక రుద్దుకుంటాడు, కళ్ళు మాటిమాటికీ ఆర్పుతాడు, స్పీడు కారణం లేకుండా తగ్గుతుంది, మళ్ళీ ఒక్కసారి పెరుగుతుంది, పక్క గీత మీద టైర్లు టకటకమంటాయి. ఇందాక దాటిన టోల్‌గేట్ ఏదని అడగండి, చెప్పలేకపోతే అక్కడితో ఆపించండి. గంటకి 100లో పోతుంటే సెకనుకి 28 మీటర్లు, నాలుగు సెకన్లు కన్ను మూత పడితే కారు వంద మీటర్ల పైన చూపు లేకుండా పోయినట్టే. అద్దాలు దింపడం, పాటలు గట్టిగా పెట్టడం, మొహం మీద నీళ్ళు కొట్టుకోవడం, ఇవేవీ నిద్రని ఆపవు, కొద్ది నిమిషాలు మభ్యపెడతాయంతే. పనిచేసేది ఒక్కటే, బండి రోడ్డు పక్కన కాకుండా బంకులోనో హోటల్ ఆవరణలోనో పెట్టి, ఒక కాఫీ తాగి వెంటనే ఓ ఇరవై నిమిషాలు పడుకోవడం, కాఫీ పనిచెయ్యడం మొదలెట్టేసరికి లేస్తాడు. అది కూడా తర్వాతి గంట, గంటన్నరకే, రాత్రి నిద్రకి బదులు కాదు.

పక్కసీట్లో ఫ్లైట్ దిగిన మనిషిని కూర్చోపెట్టకండి, వాళ్ళు శంషాబాద్ దాటకుండానే నిద్రపోతారు. రిసీవ్ చేసుకోడానికి ఇంటి నుంచి ఒక్కరు వెళ్తే చాలు, మెలకువగా ఉండి డ్రైవర్‌తో మాట్లాడేవాళ్ళు. తాతయ్యా అమ్మమ్మా పిన్నీ అందరూ ఒకే కార్లో వెళ్ళిపోతే తిరిగొచ్చేటప్పుడు చోటెక్కడిదండీ? నలుగురు దిగితే ఎనిమిది సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు, అవి వెనక సీటు మీదకి ఎక్కించి అద్దం కనపడకుండా పేర్చి, పిల్లల్ని ఒళ్ళో పడుకోపెట్టుకుని వస్తారు. గట్టి బ్రేకు పడితే ఆ పెట్టెలన్నీ ముందుకే వస్తాయి. లగేజీకి వేరే బండన్నా పెట్టండి, ట్రావెల్స్ బస్సులో అన్నా వేయించండి, వెనక కూర్చున్నవాళ్ళూ బెల్టు పెట్టుకోండి.

దారిలో తిండి తేలిగ్గా ఉండాలి. ఇండియా వచ్చిన సంబరంలో మధ్యాహ్నం బిర్యానీ తింటే డ్రైవర్‌కీ మత్తే, మీకూ మత్తే. ఇడ్లీ, పెరుగన్నం, మజ్జిగతో ఆ పూట గడిపేయండి. జలుబుకని వేసుకునే సెట్రిజిన్ లాంటి మాత్రలు, వాంతుల మాత్రలు నడిపేవాళ్ళు వేసుకోకూడదు. విమానంలో అన్ని గంటలు కూర్చున్న కాళ్ళతో మళ్ళీ ఎనిమిది గంటలు కార్లో కూర్చుంటారు కాబట్టి కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా రెండు గంటలకోసారి దిగి నడవండి, ముఖ్యంగా గర్భిణీలు, పెద్దవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు. ఒక్క పిక్కే వాచి నొప్పెడుతున్నా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా ఊరు చేరాక చూద్దాం అనకుండా దగ్గర్లో ఉన్న పెద్ద ఆస్పత్రికి పొండి.

పండక్కి ముందు మూడు రోజులూ విజయవాడ హైవే సంగతి తెలిసిందే, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్ దగ్గరే బళ్ళు బారులు తీరతాయి. ఆ ఆగిన గంటలు కూడా డ్రైవర్ మేలుకున్న గంటలే, ఎనిమిది గంటల దారి పన్నెండు అవుతుంటే విజయవాడలోనో ఏలూరులోనో ఆగిపోండి. తేదీలు చేతిలో ఉంటే భోగికి వారం ముందే దిగడం మేలు.

ఇక మన ప్రాంతం. తణుకు దాటి రావులపాలెం వచ్చేశాం, ఇంటికొచ్చేసినట్టే అని అందరూ ఒళ్ళు వదిలేసేది ఇక్కడే, నిజానికి జాగ్రత్త ఎక్కువ కావాల్సిందీ ఇక్కడే. కాలవ గట్టు రోడ్లు ఇరుకు, చాలాచోట్ల రక్షణ గోడ ఉండదు, ఒక పక్క నీళ్ళు, రెండో పక్క చేనో రొయ్యల చెరువో. డిసెంబర్‌లో వచ్చేవాళ్ళకి రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది, రాత్రికి పోగు చేసి బరకం కప్పి చుట్టూ రాళ్ళు పెడతారు, ఆ నల్ల బరకం లైటు వెలుగులో దగ్గరికొచ్చేదాకా కనపడదు. వెనక రిఫ్లెక్టరు లేని గడ్డి ట్రాక్టర్లు, కొబ్బరికాయల లారీలు సరేసరి. జనవరిలో తెల్లవారుజామున మంచు పట్టిందంటే వంతెన ఎక్కడుందో తెలీదు, భోగి రోజైతే మంటల పొగ కూడా కలుస్తుంది. ఆ టైములో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది, డిమ్ లైట్లలో మెల్లగా పోవాలి, అసలు ఎనిమిదింటి దాకా గట్టు రోడ్డెక్కకపోవడమే మంచిది.

చెప్పడానికే బాధగా ఉంది గానీ కారు కాలవలో పడితే తలుపు తెరుద్దామని కూర్చోకండి, నీళ్ళ ఒత్తిడికి రాదు. కరెంటు పనిచేస్తుండగానే మొదటి క్షణాల్లో పక్క అద్దాలు దించేసి, బెల్టు తీసుకుని, పిల్లల్ని ముందు బయటికి తోసి మీరు రండి. అద్దం దిగకపోతే పక్క అద్దం మూల మీద కొట్టి పగలగొట్టాలి, ముందు అద్దం పగలదు. దానికో చిన్న సుత్తి దొరుకుతుంది, కార్లో చేతికందేచోట పెట్టించండి. హైవే మీద సాయానికి 1033, అంబులెన్స్‌కి 108, ఈ రెండూ ఫోన్లో వేసుకోండి, దిగిన రోజు మీ ఫోన్లో ఇక్కడి సిమ్ ఉండదు కాబట్టి ఇంటివాళ్ళ ఫోన్లో ఉండాలి.

ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక మాట. అరగంటకోసారి "ఎక్కడిదాకా వచ్చారు, అన్నం చల్లారిపోతోంది" అని ఫోన్ చెయ్యకండమ్మా, అది విన్న డ్రైవరు తొందరపడతాడు. ఏలూరు దాటాక మేమే చేస్తాం అని చెప్పించుకుని ఊరుకోండి.

కారు తప్పనిసరి కూడా కాదు. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి విమానం ఉంది, మధురపూడిలో దిగితే అమలాపురం సుమారు రెండు గంటలు. గౌతమి, గోదావరి, నర్సాపురం రైళ్ళున్నాయి, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, ఆ రోజు పొద్దున్నే ఇంటివాళ్ళ చేత చేయించండి.

తిరుగు ప్రయాణానికీ ఇదే పద్ధతి. ఒకరోజు ముందే హైదరాబాద్ చేరిపోండి. మిమ్మల్ని ఎయిర్‌పోర్ట్‌లో దింపాక డ్రైవర్ రాత్రికి రాత్రే వెనక్కి తిరగకుండా గదికి డబ్బులు ముందే ఇచ్చి వెళ్ళండి, ఖాళీ కారుతో వచ్చేటప్పుడు అతని పక్కన మాట్లాడే మనిషి కూడా ఉండడు.