ఆటోక్యాడ్ సొంతంగా నేర్చుకుందాం - 6వ పాఠం: తలుపును ఎక్కడ పట్టుకోవాలి?

పోయిన పాఠంలో ఆటోక్యాడ్‌లో (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) 30 బై 40 అడుగుల సైటులో గోడలు గీసి ఆపాం. బయట 9 అంగుళాల గోడలు, లోపల నాలుగున్నర అంగుళాలవి, తలుపులకు వదిలిన ఖాళీలు అన్నీ ఉన్నాయి. ఇవాళ ఆ ఖాళీల్లో తలుపులు పెడదాం. దానికి ముందు చిన్న పని ఒకటి ఉంది.

వంటింట్లో అటకను డాటెడ్ గీతతో చూపించాం. పడకగది అటక మాత్రం మామూలు గీతగానే ఉండిపోయింది. దాని లేయర్ (గీత ఉండే పొర), లైన్‌టైప్ (గీత రకం), దాని స్కేలు ఒక్కొక్కటే మారుస్తూ కూర్చోనక్కర్లేదు. ఒక గీత లక్షణాలను ఇంకో గీతకు ఇచ్చే మ్యాచ్ ప్రాపర్టీస్ కమాండ్ ఉంది, దానికి ఎమ్ఏ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ముందు వంటింటి గీతను క్లిక్ చేస్తే కర్సర్ పక్కన చిన్న బ్రష్ వస్తుంది. ఆ తర్వాత పడకగది గీతను క్లిక్ చేయండి. ఇచ్చేది ముందు, పుచ్చుకునేది తర్వాత. ఈ వరస తిరగబడితే బాగున్న గీత కూడా పాడవుతుంది. లేయర్ ఒక్కటే కావాలంటే, బ్రష్ వచ్చాక ఎస్ కొట్టి మిగతా టిక్కులు తీసేయండి. ఇలా చేస్తే గీత పొడవు మారదు. గది పేర్ల మీద వాడినా పేరు మారదు, అక్షరాల తీరు మాత్రమే మారుతుంది.

ఇక తలుపు. బెంగళూరులో నేను పనిచేసిన మొదటి ఆఫీసులో, మదనపల్లె నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు నా పక్కనే కూర్చునేవాడు. ఒకరోజు సాయంత్రం, డ్రాయింగ్ పంపాల్సిన టైములో, "అన్నా, తలుపు ఇన్సర్ట్ చేస్తే కర్సర్ దగ్గరికి రావడం లేదు" అన్నాడు, గొంతులో టెన్షన్. జూమ్ ఎక్స్‌టెంట్స్ చేసి, అంటే గీసిందంతా తెరమీద కనిపించేలా చేసి చూస్తే ప్లాను ఒక మూల చుక్కలా కనిపించింది, తలుపు ఇంకో మూల ఉంది. తలుపును బ్లాక్ (మళ్లీ మళ్లీ వాడుకునేలా పేరు పెట్టి దాచిన బొమ్మ) చేసేటప్పుడు అతను బేస్ పాయింట్ చూపించలేదు. మనం చూపించకపోతే ఆటోక్యాడ్ 0,0,0 అంటే డ్రాయింగ్ సున్నా బిందువును తీసుకుంటుంది. అతను తలుపు గీసింది అక్కడికి చాలా దూరంలో. అందుకే క్లిక్ చేసినచోట సున్నా బిందువు కూర్చుంది, తలుపు అంత దూరంలోనే పడింది.

బేస్ పాయింట్ అంటే ఆ వస్తువును మనం పట్టుకునే చోటు. తలుపుకైతే బందులు ఉండే వైపు, రెక్క తెరుచుకునే గోడ ముఖం మీది మూల. బ్లాక్ కమాండ్‌కు బీ కొట్టి, పేరు ఇచ్చి, పిక్ పాయింట్ నొక్కి, ఎండ్‌పాయింట్ స్నాప్‌తో (కర్సర్‌ను గీత కొసకే అతికించేది) ఆ మూలనే పట్టుకోండి. ఇన్సర్ట్ చేసేటప్పుడు ఖాళీ మూల మీద క్లిక్ చేస్తే తలుపు ఒక్కసారికే సరిగ్గా కూర్చుంటుంది. కమోడ్‌కు వెనక గోడకు ఆనుకునే అంచు మధ్యబిందువు మంచిది, ప్లంబర్ పక్కగోడ నుంచి కొలిచేది ఆ మధ్యగీతకే. పిల్లర్‌కు చాలామంది కళ్లు మూసుకుని సెంటర్ ఇస్తారు. గ్రిడ్ గీతల (పిల్లర్ల స్థానాలు చూపే అడ్డం, నిలువు గీతలు) కలయికలో పెట్టేటప్పుడు అది సరే. కానీ మన చిన్న ఇళ్లలో పిల్లర్ ముఖం గోడ ముఖంతో కలిసిపోవాలి, అందుకే నేను మూలనే ఇస్తాను.

ఇప్పటికే తప్పు పాయింటుతో బ్లాక్ చేసి ఉంటే బీఈ కొట్టి బ్లాక్ ఎడిటర్‌లో తెరవండి. అక్కడ 0,0 ఉన్నచోటే ఇన్సర్షన్ పాయింట్. బొమ్మ మొత్తాన్ని మూవ్ చేసి, కావాల్సిన మూలను 0,0 మీదికి తెచ్చి సేవ్ చేయండి. ఇలా చేస్తే ప్లానులో ముందే పెట్టిన తలుపులన్నీ కదులుతాయి. అందుకని రెండు మూడు పెట్టగానే సరిచూసుకోండి, ఇరవై పెట్టేదాకా ఆగొద్దు.

వేరేవాళ్ల ఫైలు నుంచి తలుపు తెస్తే ఇన్‌స్‌యూనిట్స్ (ఫైలు ఏ కొలత యూనిట్లలో ఉందో చెప్పే సెట్టింగ్) చూడండి. అంగుళాలకు 1, మిల్లీమీటర్లకు 4. ఇది సరిగా లేకపోతే 900 మిల్లీమీటర్ల తలుపు 900 అంగుళాలుగా రావచ్చు. అంటే 75 అడుగులు, మన సైటు పొడవే 40.

ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు కాపీ చేసేటప్పుడు ఉత్త కంట్రోల్ సీ వాడితే, ఎంచుకున్న బొమ్మ ఎడమ కింది మూలే పట్టుగా వస్తుంది. కంట్రోల్ షిఫ్ట్ సీ అయితే పాయింటు మనల్నే అడుగుతుంది. మొదటి అంతస్తు వేరే ఫైలులో ఉందా? కింది పిల్లర్లను, మెట్లను కాపీ చేసి, అక్కడ పేస్ట్‌ఒరిజ్ అని కొట్టండి. కింద ఏ కొలతల్లో ఉన్నాయో పైన అవే కొలతల్లో పడతాయి. పిల్లర్ మీద పిల్లర్ నిలబడాల్సిన చోట చేత్తో జరిపి అతికించకండి.

వచ్చే పాఠానికి మెయిన్ డోర్, బాత్రూమ్ డోర్, వాష్ బేసిన్ బ్లాకులు చేసి ఉంచుకోండి. ఎఫ్3తో స్నాప్ ఆన్ చేసి, ఒక్కొక్కటి మూడుసార్లు ఇన్సర్ట్ చేసి చూడండి. ఒక్కసారైనా మళ్లీ మూవ్ చేయాల్సి వస్తే బేస్ పాయింట్ మార్చండి. ఆ తలుపులకే డీ1, డీ2 నంబర్లు ఇచ్చి షెడ్యూల్, అంటే తలుపుల పట్టిక తయారుచేద్దాం.