విచక్షణి బుర్రకెక్కాలంటే స్లైడర్ జరపండి

పదో తరగతిలో వర్గ సమీకరణం విచక్షణి సూత్రం (బి స్క్వేర్ మైనస్ 4ఏసి) అందరూ అప్పజెబుతారు, సున్నా అయితే గ్రాఫ్ ఏమవుతుందంటే మాత్రం బల్ల చెక్కలు చూస్తారు. బోర్డు మీద మూడు గ్రాఫులు గీసేసరికి పీరియడ్ అయిపోయేది.

ఇప్పుడు గ్రాఫులు గీసే జియోజీబ్రా యాప్ వాడుతున్నా. ఉచితమే, ఫోన్లో కూడా పనిచేస్తుంది. 'వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ మైనస్ 4ఎక్స్ ప్లస్ సి' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే సి కి స్లైడర్ వస్తుంది. దాన్ని 3 దగ్గర పెడితే పరావలయం (ఆ గ్రాఫు వంపు) ఎక్స్ అక్షాన్ని 1, 3 దగ్గర ఖండిస్తుంది. 4 కి జరిపితే 2 దగ్గర ఊరికే తాకుతుంది. 5 కి జరిపితే పైకి లేచిపోతుంది. జరిపే ముందు ప్రతిసారీ విచక్షణి నోట్‌బుక్కులో కట్టించండి: 4, 0, మైనస్ 4. మొత్తం పది నిమిషాల పని.

ఒక్క జాగ్రత్త. సి 3.9 దగ్గర ఆగితే వెనక బెంచీ వాళ్లకి తాకినట్టే కనిపిస్తుంది, నిజానికి రెండు చోట్ల ఖండిస్తోంది. అక్కడ కంటిని నమ్మొద్దు, లెక్క కట్టించండి: 0.4 వస్తుంది. మూడు గుణకాలకీ స్లైడర్లు పెట్టారో, పిల్లలకి అది వీడియో గేమే!