మీవారు రిటైరయ్యేలోపు మీరు చూసుకోవాల్సినవి: ఒక ఆర్మీ ఆఫీసర్ భార్య చెప్పే జాగ్రత్తలు

ఇన్‌ఫాంట్రీ, ఆర్టిలరీ లాంటి పోరాట విభాగాల్లో కల్నల్ 54 ఏళ్లకే ఇంటికొచ్చేస్తారు. ఆయనతో కలిసి డిగ్రీ చదివిన బ్యాంకు మేనేజరుకి ఇంకా ఆరేళ్ల సర్వీసుంటుంది. మన ఇంట్లో అప్పటికి ఒకరు ఇంజనీరింగులో, ఇంకొకరు ఇంటర్‌లో ఉంటారు. కాబట్టి మళ్లీ ఉద్యోగం వెతుక్కోక తప్పదు. ఆయనకి చెప్పడానికి, రిటైరయ్యేవాళ్లకి కొత్త ఉద్యోగాల దారి చూపే రక్షణశాఖ విభాగం డీజీఆర్ ఉంది, అకాడమీలో కలిసి శిక్షణ తీసుకున్న కోర్స్‌మేట్లున్నారు, నాలుగైదు వాట్సాప్ గ్రూపులున్నాయి. మనకి చెప్పేవాళ్లెవరూ ఉండరు. మేం సికింద్రాబాద్ సైనిక్‌పురిలో స్థిరపడ్డాక కొత్తగా దిగిన ఆడవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. అందుకే ఇలా రాసిపెడుతున్నాను.

రిటైర్మెంట్‌కి రెండేళ్ల ముందు మొదలుపెట్టండి. మొట్టమొదట చూడాల్సింది మీ పేరు. పెళ్లయిన కొత్తలో యూనిట్ వాళ్లు మీ వివరాలు ఆయన సర్వీసు రికార్డులోకి ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ వేయించి ఉంటారు. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుందని ఉత్తరాది క్లర్కుకి తెలియదు. వెంకట సత్యవతిలో సత్యవతి ఇంటిపేరనుకుంటాడు, లేదంటే చివర మీవారి పేరు తగిలిస్తాడు. ఆధార్‌లో ఇంటిపేరు మొదట ఉంటుంది, పాన్‌లో పొడి అక్షరం ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టినతేదీ వేరేగా ఉంటుంది. రేపు ఆయన లేని రోజున ఫ్యామిలీ పెన్షన్ రావాల్సింది ఈ పేరు మీదే. పార్ట్ టూ ఆర్డర్, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ నాలుగూ బల్లమీద పరిచి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే సర్వీసులో ఉండగానే యూనిట్ ద్వారా సరిచేయించండి. రిటైరయ్యాక అదే పనికి అఫిడవిట్లు, పేపరు ప్రకటనలు, ఉత్తరాల మీద ఉత్తరాలు.

పెన్షన్ ఖాతా ఇద్దరి పేర్లమీద, ఎవరైనా నడిపేలా ఉండాలి. పెన్షన్ ఇప్పుడు రక్షణశాఖ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో నడుస్తుంది. దాని లాగిన్ మీకూ తెలియాలి, దానికిచ్చిన ఫోన్ నంబరు పనిచేస్తుండాలి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. ఈ పోర్టల్ సంగతి ఆయనే చూసుకుంటారులే అనుకునేవాళ్లు మన కాలనీలో ఎక్కువే. మరి ఆయన ఐసీయూలో ఉన్న నెలలో ఎవరు చూస్తారు?

డబ్బు సంగతి. పెన్షన్‌గా చివరి జీతంలో సగం వస్తుంది. అందులో మళ్లీ సగం దాకా కమ్యూట్ చేసుకుని, అంటే నెలనెలా వచ్చేదానికి బదులు ముందే ఒకేసారి తీసుకోవచ్చు. అందుకోసం నెల పెన్షన్‌లో పడే కోత 15 ఏళ్లకి తీరి పూర్తి పెన్షన్ తిరిగొస్తుంది. సైనికులకి కమ్యుటేషన్ మొత్తానికి ఆదాయపన్ను లేదు. ఇవన్నీ ఆయనకి తెలుసు. మీరు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. మామూలు ఫ్యామిలీ పెన్షన్ చివరి జీతంలో 30 శాతమే. అయితే ఆయన చేసుకున్న కమ్యుటేషన్ కోత దానిమీద పడదు. ఇంటి ఖర్చుల లెక్క ఈ 30 శాతంతో కూడా ఒకసారి వేసి చూడండి. ఇక గ్రాట్యుటీ, కమ్యుటేషన్, గ్రూప్ ఇన్సూరెన్స్, ప్రావిడెంట్ ఫండు కలిపి పెద్ద మొత్తం చేతికొచ్చిన వారంలోనే నగర శివారు షామీర్‌పేటలో ప్లాట్లు అమ్మేవాళ్లకీ ఇన్సూరెన్స్ ఏజెంట్లకీ ఎలా తెలుస్తుందో, తెలిసిపోతుంది! ఆరు నెలలు దాన్ని బ్యాంకులోనే ఉండనివ్వండి. "మన రెజిమెంట్ వాడే చెప్పాడు" అన్నా సరే, అసలు అలా అన్నప్పుడే ఇంకాస్త ఆగండి.

మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డులు ఇంట్లో అర్హులందరికీ తీసుకోండి. కొడుక్కి 25 ఏళ్ల దాకా, కూతురికి పెళ్లయ్యేదాకా వర్తిస్తుంది. ఈలోపు సంపాదన మొదలైతే అక్కడితో ఆగిపోతుంది. అత్యవసరంలో పథకం జాబితాలో లేని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే 48 గంటల్లోపు దగ్గరి ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కి తెలియజేయాలి. ఈ ఒక్క ముక్కా ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఎక్కడ ఇల్లు కట్టుకోవాలన్నది కూడా దీన్నిబట్టే తేల్చుకోండి. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో అయితే ఇంటింటా సైనికులే, అక్కడ మాజీ సైనికుడి అవసరాలు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతా ఊళ్లలో అలా ఉండదు. పాలీక్లినిక్, క్యాంటీన్ ఎంత దూరమో బస్సెక్కి చూసొచ్చి అప్పుడు నిర్ణయించుకోండి.

పిల్లల విషయంలో ఒకటే తొందర. ఇంజనీరింగ్ ప్రవేశాల్లో సైనికుల పిల్లలకి క్యాప్ కోటా ఉంది, రెండు శాతం. దానికి సైనిక సంక్షేమ కార్యాలయం కాగితాలు కావాలి. కానీ స్థానికత వేరే లెక్క. అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. పిల్లలు తొమ్మిదిలోకి వచ్చేసరికే, ఆయన ఫీల్డ్ పోస్టింగ్‌లో ఉన్నా మీరు ఒకచోట నిలబడటం గురించి మాట్లాడుకోండి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కి అప్లై చేసి ఎదురుచూడకండి, అది ఆఫీసర్ ర్యాంకు కన్నా కిందివాళ్ల పిల్లలకే.

ఇప్పుడు ఆయన ఉద్యోగం. సర్వీసు చివర్లో డీజీఆర్ ద్వారా ఐఐఎం లాంటి చోట 24 వారాల కోర్సు చేయొచ్చు. ఫీజులో 60 శాతం డీజీఆర్ కడుతుంది, మిగతాది మనం. వెళ్లనివ్వండి. కోర్సు పేరు రెజ్యూమెలో ఒక లైనవుతుంది. అంతకన్నా, యూనిఫాం లేకుండా క్లాసులో కూర్చోవడం అలవాటవుతుంది. రెజ్యూమె మీరు చదవండి. మీకు అర్థంకాని పొట్టి అక్షరాలుంటే హెచ్ఆర్ అమ్మాయికీ అర్థంకావు. "బెటాలియన్ కమాండ్ చేశాను" అన్నచోట ఎనిమిది వందల మంది, ఇన్ని వాహనాలు, ఇంత బడ్జెట్ అని రాయించండి. జీతం అడగడం మాత్రం ఇంట్లో ప్రాక్టీసు చేయించాల్సిందే. పే కమిషన్ ఎంత ఇస్తే అంత తీసుకున్న మనిషి, 54 ఏళ్లొచ్చాక "నాకింత కావాలి" అనడానికి సిగ్గుపడతారు. పైగా ఎదురుగా కూర్చునేది ముప్ఫై అయిదేళ్ల కుర్రాడు. ఇంకో సంగతి, సీనియర్ ర్యాంకుల వాళ్లు మొదటి ఏడాదిలో ప్రైవేటు కంపెనీలో చేరాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే కనుక్కోండి.

మీ ఉద్యోగం గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే అడుగుతున్నాను. పోస్టింగ్ పోస్టింగ్‌కీ మారిన స్కూళ్లన్నిటి నుంచీ అనుభవ పత్రాలు తెచ్చుకున్నారా? బీఎడ్ ఉంటే ఆర్మీ పబ్లిక్ స్కూళ్ల ఆన్‌లైన్ స్క్రీనింగ్ పరీక్ష రాయండి. ఆర్మీ భార్యల సంక్షేమ సంఘం ఆవా పనులు చేసిన వాళ్లు దాన్ని రెజ్యూమెలో దాచుకోకండి. యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ (సీఓ) భార్యగా కొన్ని వందల కుటుంబాల మంచిచెడ్డలు చూడటం, నర్సరీ నడపడం, కార్యక్రమాలు ఏర్పాటు చేయడం, వీటికి జీతం రాకపోయినా పని మాత్రం పనే. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు గారి భార్య సంతోషి గారికి తెలంగాణ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. అలాంటి రోజు ఏ ఇంటికీ రాకూడదు. అయినా డిగ్రీ సర్టిఫికెట్లు బీరువాలో ఎక్కడున్నాయో మీకు తెలిసుండాలి.

ఆయన కాలనీ సంఘానికి ప్రెసిడెంటవుతారు, అది ఎలాగూ తప్పదు. చెత్తబండి ఏడింటికి రాకపోతే ఎక్స్‌ప్లనేషన్ అడిగే మనస్తత్వం కొన్నాళ్లుంటుంది, మీరే సర్దిచెప్పాలి. రాజకీయాల్లోకి వెళ్తానంటే కంగారుపడకండి. ఎయిర్‌ఫోర్స్‌లో ఫైటర్ పైలట్‌గా చేసిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి గారు 1999లో కోదాడ నుంచి ఎమ్మెల్యే అయ్యారు. తర్వాత అదే కోదాడ నుంచి ఆయన భార్య పద్మావతి గారు కూడా గెలిచారు. పోస్టర్ల మీద మాత్రం యూనిఫాం ఫొటో వేయనివ్వకండి. సైనికుల ఫొటోలు ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం 2019లో పార్టీలకి మరోసారి చెప్పింది.

ఇంతాచేసి చాలామంది మర్చిపోయేది ఓటు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయన, ఆయనతోపాటు ఉంటే మీరు, సర్వీసు ఓటర్లు. రిటైరయ్యాక ఇద్దరూ ఫారం 6 నింపి ఇప్పుడుంటున్న చోట మామూలు ఓటర్లుగా నమోదు చేయించుకోవాలి. జాబితా వచ్చాక మీ పేరు స్పెల్లింగు ఇందులోనూ చూసుకోండి.