శీఘ్ర స్ఖలనం: మందుల షాపుకు వెళ్లే ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి

కలయిక మొదలైన నిమిషం లోపే వీర్యం పడిపోవడం, ఆపుకోవడం సాధ్యం కాకపోవడం, దానివల్ల మనసు కుంగిపోవడం. ఈ మూడూ కలిసి ఆరు నెలలుగా సాగుతుంటేనే శీఘ్ర స్ఖలనం అంటాం. అరగంట నిలవలేకపోతున్నానని వచ్చేవారికి జబ్బేమీ లేదు. ఐదు దేశాల్లో గడియారం పెట్టి కొలిచి 2005లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి ఐదున్నర నిమిషాల లోపే అయిపోయింది. కడప పల్లెల నుంచి కువైట్ వెళ్లి రెండేళ్లకు సెలవు మీద వచ్చినవారికి మొదటి రోజుల్లో తొందరగా అయిపోవడం కూడా సహజమే.

ఎప్పటి నుంచి?

అందరూ దాటేసే ప్రశ్న ఇదే. మొదటి కలయిక నుంచీ ఇంతే అయితే అది చాలావరకు నరాల స్వభావం. కుర్రతనంలో హస్తప్రయోగం చేసినందుకు వచ్చిన శిక్ష కానే కాదు, ఆ భయాన్ని వదిలేయండి. స్ఖలనం దగ్గరపడగానే ఆగి, ఉద్రేకం తగ్గాక మళ్లీ మొదలుపెట్టడం సాధన చేయాలి. కండోమ్ కొంత సాయపడుతుంది. చర్మాన్ని మొద్దుబార్చే లిగ్నోకెయిన్ స్ప్రేను పది, పదిహేను నిమిషాల ముందు అంగం మీద కొట్టి, కలయికకు ముందు కడిగేయాలి. స్ఖలనాన్ని ఆలస్యం చేసే డపాక్సెటిన్ మాత్ర గంట నుంచి మూడు గంటల ముందు వేసుకునేది. గుండె జబ్బు ఉన్నవారికి అది పనికిరాదు, మద్యంతో కలపకూడదు, అందుకే డాక్టర్ చీటీ కావాలి.

ఒకప్పుడు బాగుండి, ఈ మధ్యే మొదలైతే

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. ప్రొద్దుటూరు నుంచి నలభై దాటిన వ్యాపారి వస్తాడు. 'త్వరగా అయిపోతోంది సార్' అంటాడు, అంతకు మించి నోరు విప్పడు. 'చివరిదాకా గట్టిదనం ఉంటోందా?' అని అడిగితే తలుపు వైపు చూస్తాడు. కాసేపటికి, 'మెత్తబడేలోపే కానిచ్చేద్దామని తొందరపడతాను' అంటాడు. అసలు జబ్బు అంగస్తంభన లోపం. అది దొంగలా లోపల దాక్కుని, తొందరను ముందుకు తోస్తుంది. ఆ తొందరే అలవాటవుతుంది.

ఇలాంటివారికి ఆలస్యం చేసే మందో, మొద్దుబార్చే స్ప్రేనో ఇస్తే ఉన్న గట్టిదనమూ తగ్గవచ్చు. ముందు స్తంభనను సరిచేయాలి. అది నిలిస్తే చాలామందికి తొందర కూడా తగ్గుతుంది.

స్తంభన ఎందుకు తగ్గింది? మొదట షుగర్ చూడండి. షుగర్ అంగంలోని నరాలనూ సన్నని రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. ఆ నాళాలు గుండె నాళాల కంటే సన్నవి కాబట్టి, గుండెకు రాబోయే ముప్పు ముందుగా ఇక్కడే బయటపడవచ్చు. పరగడుపు షుగర్ 126 గానీ, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 గానీ, అంతకు మించి గానీ వస్తే డాక్టర్‌ను కలవాల్సిందే. బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. బీడీ, సిగరెట్ మానండి. తెల్లవారుజామున స్తంభన మామూలుగానే వస్తుంటే రక్తనాళాలు బాగానే ఉన్నట్టు, కారణం ఎక్కువగా మనసులోని భయమే.

స్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్రను సొంతంగా కొని వేసుకోవద్దు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వాడేవారికి అది ప్రాణాంతకం. బస్టాండు గోడల మీద ప్రకటించే పేరులేని పొడుల్లోనూ ఇదే మందు కలిసి ఉండవచ్చు.

మిగతా కారణాలూ ఉన్నాయి. చేతుల వణుకు, గుండెదడ, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ పరీక్ష. మూత్రంలో మంట, పొత్తికడుపు కింద నొప్పి ఉంటే ప్రోస్టేట్ గ్రంథి వాపు ఉందేమో చూడాలి. నొప్పి మాత్ర ట్రమడాల్ అలవాటై హఠాత్తుగా ఆపినా తొందరగా అయిపోవచ్చు.

కడప, కర్నూలు, అనంతపురంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో షుగర్ పరీక్ష చేస్తారు. వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న మాత్రల అట్టలన్నీ తీసుకెళ్లండి, బీపీవి కూడా. కొన్ని బీపీ మందులు స్తంభనను తగ్గిస్తాయి. వాటిని మార్చాల్సింది డాక్టరే, మీరుగా ఆపకండి. వీలైతే భార్యను కూడా తీసుకెళ్లండి. మీరు చెప్పలేకపోయినది ఆమె చెప్పగలదు.